గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోందా? దాన్ని మాత్రం తీయించకండి

నమస్తే అండీ. గీజర్ వేసిన రెండు మూడు నిమిషాలకే ఇల్లంతా కరెంటు పోతోందని, ఎలక్ట్రీషియనేమో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తానంటున్నాడని రాశారు. అస్సలు ఒప్పుకోకండి.

ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. కొంత గీజర్ బాడీ మీదుగా ఎర్త్‌లోకో, మన ఒంట్లోంచో పోతే లెక్క తేడా వచ్చి ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఇళ్లలో వాడే రకానికి 30 మిల్లీ ఆంపియర్ల తేడా చాలు. ఎంసీబీ ఉందిగా అంటారా? అది చూసేది ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూటే. మనిషి ప్రాణం తీసే షాక్ 16 ఆంపియర్ల ఎంసీబీకి లెక్కలోకే రాదు.

ముందు గీజర్ ప్లగ్ పీకేసి ఒక రోజు చూడండి. స్విచ్ ఆపితే చాలదు, అది ఫేజ్‌నే కట్ చేస్తుంది. ప్లగ్ పీకాక ట్రిప్ కాకపోతే ఎలిమెంట్ మీదే నా అనుమానం. బోరు నీళ్లకి ఎలిమెంట్ మీద తెల్లగా గార కడుతుంది, దాని పై తొడుగు చిట్లుతుంది, వేడెక్కేకొద్దీ లీకేజీ పెరుగుతుంది. మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటరు) ఉన్న మెకానిక్‌తో చెక్ చేయించి ఎలిమెంట్ మార్పించండి. ప్లగ్ పీకినా పడుతుంటే, ఈమధ్య ఇన్వర్టర్ పెట్టించారా? అక్కడ ఇన్వర్టర్ న్యూట్రల్‌నీ మెయిన్ న్యూట్రల్‌నీ కలిపేయడం మామూలే, అలా కలిస్తే కూడా లెక్క తేడా వచ్చి పడిపోతుంది.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ కూడా నొక్కి చూడండి, వెంటనే పడాలి. అయితే ఎర్తింగ్ సంగతి ఆ బటన్ చెప్పదు, అది విడిగా చూపించుకోవాలి. ఈలోపు నీళ్లు పొయ్యి మీదే కాచుకోండి, బకెట్లో హీటర్ రాడ్ వద్దు.