మోటార్లతో బొమ్మలు గీసే యంత్రం ఇంట్లో చేసుకోవచ్చా?

గుణుపురం నుంచి అడిగారు కదా, ఇంట్లో కట్టిన మోటారు యంత్రంతో బొమ్మలు గీయాలంటే కంప్యూటర్ కావాలా, ఏ మోటారు కొనాలి, చివరికి ఆ బొమ్మ నాదవుతుందా యంత్రానిదా అని.

కంప్యూటర్ అక్కర్లేదండి. నేను రాయగడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇలాంటి కదిలే శిల్పాలు కట్టి వాటితోనే బొమ్మలు గీస్తుంటాను, ఒక్కదానికీ ప్రోగ్రాం లేదు. రెండు మోటార్లు, ఒక్కోదానికి ఒక చెక్క చక్రం, చక్రం అంచున మేకు, ఆ రెండు మేకుల నుంచి వచ్చిన రెండు కర్రలు కలిసేచోట పెన్ను. అంతే.

అసలు పనంతా వేగం దగ్గరే ఉంది. మిక్సీ మోటారు జోలికి వెళ్లకండి, ఆ స్పీడుకి కాగితం చిరిగిపోతుంది. నిమిషానికి 10 నుంచి 30 చుట్లు తిరిగే 12 వోల్టుల గేర్ మోటార్లు చాలు, విశాఖ వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి. పెద్ద బొమ్మ కావాలంటే పాత ఇనుప సామాన్ల కొట్లో కారు వైపర్ మోటారు వెతకండి, లోపల వేగం తగ్గించి బలం పెంచే వార్మ్ గేరు ఉంటుంది కాబట్టి బలంగా లాగుతుంది, కాకపోతే కరెంటు బాగా తీసుకుంటుంది, చిన్న అడాప్టర్ తట్టుకోదు, పెద్ద అడాప్టరో బ్యాటరీయో పెట్టాలి.

రెండింటి వేగం ఒకటే అయితే పెన్ను ఒకే గీత మీద తిరుగుతూ ఉంటుంది. ఒకటి 3 చుట్లు తిరిగేలోపు రెండోది సరిగ్గా 2 తిరిగినా అంతే, ఆకారం పూర్తయి మళ్లీ పాత దారే పడుతుంది. ఆ లెక్క పిసరంత తప్పాలి! అప్పుడు ప్రతి చుట్టూ కిందటిదాని పక్కన పడుతూ బొమ్మ నిండుతుంది. బ్యాటరీ దిగుతున్నకొద్దీ మోటార్లు మందగిస్తాయి, రెండూ ఒకేలా మందగించవు, గీత దారి మారిపోతుంది. నాకు అదే ఇష్టం, అందుకే కరెంటు ఉన్నా బ్యాటరీ మీదే నడుపుతాను. కీళ్లు కూడా మరీ బిగించకండి, కాస్త వదులుంటేనే గీతకి ప్రాణం వస్తుంది.

బొమ్మ ఎవరిదనే మాట కొత్తది కాదు. స్విట్జర్లాండ్ కళాకారుడు జాన్ టాంగ్లీ 1959లో పారిస్‌లో బొమ్మలు గీసే యంత్రాలు ప్రదర్శనకి పెట్టారు, చూడ్డానికొచ్చినవాళ్లే వాటిని నడిపి గీయించుకునేవారు. 1960లలో మాంచెస్టర్‌లో డెస్మండ్ పాల్ హెన్రీ, యుద్ధ విమానాల్లో బాంబులు గురిచూసే పాత పరికరాలనే గీత యంత్రాలుగా మార్చారు, వాటితో గీసిన బొమ్మ మళ్లీ అచ్చంగా అలాగే వచ్చేది కాదు. నా మటుకు నాకు సందేహం లేదు. కర్ర పొడవు, మేకు ఎక్కడ కొట్టాలి, ఏ వేగం, ఎప్పుడు ఆపాలి, ఇవన్నీ నిర్ణయించింది మీరైతే బొమ్మ మీదే.

పెన్ను, కాగితం సంగతి. బాల్‌పెన్ను రాయాలంటే బరువు కావాలి, పైన రెండు నట్లు తగిలించండి. జెల్ పెన్నుకి అది అక్కర్లేదు. జేకేపూర్ పేపర్ మిల్లు మాకు పక్కనే ఉన్నా జిరాక్స్ కాగితం మాత్రం దీనికి వాడను, గీతలు గుమిగూడిన చోట నూగు లేచి చిరుగుతుంది, మందపాటి డ్రాయింగ్ షీటే తీసుకోండి. ఆపేటప్పుడు ముందు పెన్ను ఎత్తండి, తర్వాతే స్విచ్, లేకపోతే ఆగినచోట సిరా ఊరి మచ్చ పడుతుంది.