షట్‌డౌన్ వద్దంటూనే సెనేటర్ 'నో' ఓటు ఎందుకు వేస్తారు?

షట్‌డౌన్ (నిధుల బిల్లు ఆమోదం పొందక ప్రభుత్వ పనులు కొంతమేర ఆగిపోవడం) వద్దనే అమెరికా సెనేటర్ నిధుల బిల్లు ఓటింగ్‌లో 'నో' అంటే మాట తప్పినట్టే అనుకోనక్కర్లేదు. ఒక్కోసారి అదే బిల్లును మళ్లీ ఓటింగ్‌కు తేవడానికే అలా వేస్తారు.

సెనేట్‌లో ఇలాంటి బిల్లుపై చర్చ ముగించి ముందుకు వెళ్లాలంటే మామూలుగా 100 మందిలో 60 మంది ఒప్పుకోవాలి. ఆ ప్రయత్నం వీగిపోతే, పునఃపరిశీలన (అదే ఓటింగ్ మళ్లీ జరపాలని) కోరే హక్కు ఓడిన పక్షానికి, అంటే 'యెస్' అన్నవారికి ఉండదు. అందుకే ఓటమి ఖాయమని తేలగానే మెజారిటీ నాయకుడు తన ఓటును 'నో' వైపు వేస్తారు. వినడానికి విచిత్రమే, కానీ పాత పద్ధతే.

2018 జనవరిలో తాత్కాలిక నిధుల బిల్లుపై జరిగిన ఓటింగ్ చూడండి. అనుకూలం 50, వ్యతిరేకం 49. అరవై రాలేదు, షట్‌డౌన్ మొదలైంది. తప్పంతా డెమొక్రాట్లదేనన్న అప్పటి మెజారిటీ నాయకుడు, రిపబ్లికన్ మిచ్ మెకానెల్ పేరు కూడా ఆ 49 మందిలోనే ఉంది! ఆయనది నిబంధన కోసం వేసిన ఓటు. మరో నలుగురు రిపబ్లికన్లు మాత్రం నిజంగానే వ్యతిరేకించారు. ఐదుగురు డెమొక్రాట్లు 'యెస్' అన్నారు. పార్టీల ప్రకటనల్లో ఈ తేడాలు పెద్దగా కనిపించవు.

చాలామంది పొరబడేది ఇక్కడే: 'నో' జాబితాలో పేరుంటే షట్‌డౌన్ కోరుకున్నట్టే అనుకుంటారు. పైగా ఆ ఓటు బిల్లు మీద కాదు, చర్చ ముగించాలా వద్దా అన్నదాని మీద.