హేడీస్ కొనాలా, స్లే ది స్పైర్ కొనాలా?

రావులపాలెం నుంచి రాజమండ్రికి రోజూ బస్సులో వెళ్తానని, ఈ రెండు వీడియో గేముల్లో ఒకటే కొనగలనని మీరు రాశారు. అయితే స్లే ది స్పైర్ తీసుకోండి.

రెండింటిలోనూ చనిపోతే ఆట మొదటికొస్తుంది, ప్రతిసారీ దారి మారుతుంది. పోలిక అంతవరకే.

స్లే ది స్పైర్ కార్డులతో పోరాడే ఆట, ఇందులో టైమ్‌తో పోటీ లేదు. శత్రువు తర్వాత ఏం చేస్తాడో ముందే కనిపిస్తుంది, కాబట్టి కొట్టాలా, కాచుకోవాలా అని నింపాదిగా లెక్క వేసుకోవచ్చు. పేకాటలో లాగే, చేతికొచ్చిన ముక్కలతోనే నెగ్గుకురావాలి. కొత్తవాళ్లు దొరికిన ప్రతి కార్డూ తీసుకుంటారు. వద్దనుకోవడం నేర్చుకున్నప్పుడే ఈ ఆట అసలు రుచి తెలుస్తుంది, నాకు అదే ఇష్టం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆడొచ్చు, సిగ్నల్ అక్కర్లేదు. దిగే స్టాప్ వస్తే మధ్యలో ఆపేయొచ్చు కూడా.

హేడీస్ చేతివేగం ఆట. రెప్పపాటులో తప్పుకోవాలి, కుదుపుల బస్సులో కుదరదు. కానీ ఓడిన ప్రతిసారీ హీరో జాగ్రియస్ ఇంటికొచ్చి తండ్రితో పడే గొడవలో కథ ముందుకెళ్తుంది. కథ కావాలంటే, ఇంట్లో కంప్యూటర్ ఉంటే, ఇదే. కష్టమనిపిస్తే గాడ్ మోడ్ పెట్టుకోండి: దెబ్బల తీవ్రత మొదట 20 శాతం, తర్వాత చనిపోయిన ప్రతిసారీ మరో 2 శాతం తగ్గుతుంది.