రాచకొండ గుట్టల్లో వాగు వెంట ఒక్కడినే ఒక్కరోజు నడక: కుదురుతుందా?

కుదురుతుంది. నేను నాలుగుసార్లు ఒక్కడినే వెళ్లాను. మూడుసార్లు హాయిగా తిరిగొచ్చాను. మీరు అడిగింది కంప కమ్మేసిన వాగు దారి గురించి కాబట్టి, తిప్పలు పడ్డ ఆ నాలుగోసారి గురించే ఎక్కువ చెబుతాను.

నల్లమలలో అయితే ఇంకా బాగుంటుందా అని కూడా అడిగారు. ఆ ఆలోచన మానుకోండి. మన్ననూరు దగ్గర నుంచి అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన ఇష్టం వచ్చినట్టు రోడ్డు దిగి లోపలికి నడవనివ్వరు. శ్రీశైలం రోడ్డు మీదే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తారు. అదే అడవిలో శివుడి గుడి ఉన్న సలేశ్వరం లోయ దిగాలని ఉంటే చైత్ర పౌర్ణమి జాతరకు పోవాలి. అప్పుడు ముందూ వెనకా జనమే, ఒంటరి నడక అన్న మాటే ఉండదు.

రాచకొండ సంగతి వేరు. పాత నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి, సంస్థాన్ నారాయణపురం మండలం. 14వ శతాబ్దంలో రేచర్ల వెలమ రాజులు ఏలిన కోట. సున్నం లేకుండా బండ మీద బండ పేర్చిన గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆదివారాలు కోట దాకా జనం వస్తారు. పక్క లోయలోకి దిగితే మాత్రం పశువుల కాపర్లు తప్ప ఎవరూ కనబడరు.

ఆ నాలుగోసారి నేను వెళ్లింది దసరా అయిన వారానికి. వాగులో నీళ్లున్నాయి, సీతాఫలాలు కళ్లు విప్పుతున్నాయి, తంగేడు ఇంకా పూత మీదే ఉంది. చూడ్డానికి అదే మంచి కాలం, దారి కనిపించడానికి అదే చెడ్డ కాలం. గడ్డి ఛాతీ దాకా పెరిగి ఉంటుంది. గంటలో ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు. ఒకచోట పక్కన వేలాడే కాయల్ని పక్కకు నెట్టాను, అవి దూలగొండివి. చేతులు వాగు నీళ్లలో ముంచి కడిగినా దురద సాయంత్రం దాకా వదల్లేదు. చేతులు నిండుగా ఉన్న చొక్కా వేసుకోమని అందరూ ఎండ కోసం చెబుతారు, నేను దీనికోసం చెబుతున్నాను.

పన్నెండు దాటాక దారి రెండుగా చీలింది. కొంచెం తేటగా కనిపించిన దాన్ని పట్టుకున్నాను. కాళ్ల కింద దారి బాగానే ఉంది, పైన మాత్రం పరికి కంప మూసుకుపోతోంది. వంగి నడిచాను, తర్వాత కూర్చుని జరిగాను, చివరికి పాకాను. ఎదురుగా నిలువు బండ. సరే, వెనక్కి పోదామని తిరిగితే, వచ్చిన దారి లేదు! గడ్డి నా వెనకే లేచి నిలబడింది.

అసలు చిక్కు తర్వాత అర్థమైంది. పోయేటప్పుడు పక్క నుంచి వచ్చి మన దారిలో కలిసే బాటలను మనం పట్టించుకోం. తిరిగొచ్చేటప్పుడు అవే చీలికలై ఎదురొస్తాయి. అలాంటివి మూడుచోట్ల తగిలాయి, రెండుచోట్ల తప్పు పట్టాను. ఫోనులో సిగ్నల్ లేదు. వాగు వెంటే కిందికి దిగిపోతే ఎక్కడో ఊరు తగలదా అనిపించింది, టెన్షన్‌లో అందరికీ వచ్చే ఆలోచనే అది. కొంత దిగాక నీళ్లు ఇద్దరు మనుషుల ఎత్తున్న బండ మీద నుంచి కిందికి దూకుతున్నాయి. అక్కడ జారితే అడిగే దిక్కు లేదు.

అప్పటికి నాలుగైంది. వాగు వదిలేసి పక్కనున్న పరుపుబండ ఎక్కాను. అక్కడ మేకల గంటలు వినిపించాయి. అరిస్తే ఒక ముసలాయన పలికాడు, కింది తండా ఆయన.

"యాడికి పోయినవ్ బిడ్డా, ఒక్కనివేనా?"

"దారి తప్పిన తాతా. ఇదే తొవ్వ అనుకుని పోయిన."

"అది మేకల తొవ్వ. మేక నడుం కాడికే ఉంటది. మనిషి తొవ్వ కావాల్నంటే కింద చూడకు, మీద చూడు. కొమ్మలు నరికి ఉంటయ్."

అంతే. కట్టెలకు, తునికాకుకు పోయే మనిషి చేతిలో కొడవలో గొడ్డలో ఉంటుంది, ముఖానికి తగిలే కొమ్మను కొట్టుకుంటూ పోతాడు. మేకకు ఆ అవసరం లేదు. అప్పటి నుంచి నేను చీలిక దగ్గర ఆగి తల ఎత్తులో ఉన్న కొమ్మలు నరికి ఉన్నాయా అని చూస్తాను. వెనక్కి తిరిగి ఒక ఫోటో కూడా తీసుకుంటాను, తిరుగు దారి ఎలా కనిపిస్తుందో తెలియడానికి.

మీరు మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి సంక్రాంతి తర్వాత వెళ్లండి. గడ్డి ఎండి వాలిపోతుంది, వాగు మడుగులుగా మిగులుతుంది, బాట తేటగా ఉంటుంది. ఎక్కడిదాకా పోయినా మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగండి. లోయలో గుట్ట నీడ పడ్డాక సూర్యాస్తమయం కంటే చాలా ముందే చీకటవుతుంది. పైన మబ్బు పట్టిందంటే వాగులో ఉండొద్దు. అక్కడంతా బండే, వాన ఇంకదు, నీళ్లు ఒక్కసారే దిగుతాయి. మూడు లీటర్ల నీళ్లు, విజిల్, పొడుగాటి కర్ర. కర్ర పాముల కోసం, గడ్డిలో అడుగు వేసే ముందు తట్టడానికి. పొరపాటున కాటు పడితే కోయడం, బిగించి కట్టడం వద్దు. కదలకుండా ఉండి 108కి చేయండి. సిగ్నల్ ఉండదు కాబట్టే, ఎన్నింటికి వస్తారో కింద ఊళ్లో ఒకరికి చెప్పి పోవాలి. టీ కొట్టు ఆయనకు చెప్పినా చాలు.

సీతాఫలాల కాలంలోనే పోతానంటే, చెట్ల మీదివి కోయకండి. తండావాళ్లకు ఆ నెల సంపాదన అదే. రోడ్డు మీద గంపల్లో అమ్ముతారు. నేను ఆరోజు తాత ఇంటివాళ్ల దగ్గర కొన్నవి సగం కాయలే, బియ్యం డబ్బాలో పెడితే రెండు రోజులకు పండాయి.