గ్రేడ్ 3 అంటే మూడో స్టేజ్ కాదు, 2+ అంటే నెగెటివ్ కాదు

మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టులో "ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 3, ఈఆర్ 0, పీఆర్ 0, హెర్-2 2+, కీ-67 40%" అని ఉందని, ఇది మూడో స్టేజా, ట్రిపుల్ నెగెటివా (అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే ఈఆర్, పీఆర్, కణాన్ని పెంచే హెర్-2 ప్రొటీన్, మూడిట్లో ఏదీ పాజిటివ్ కానిదా) అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా అక్క రిపోర్టు పట్టుకుని హన్మకొండకీ హైదరాబాద్‌కీ తిరిగినవాణ్ని, అందుకని రాస్తున్నా.

ముందు గ్రేడ్‌కీ స్టేజ్‌కీ ముడిపెట్టకండి. గడ్డ ఎంతుంది, చంక గ్రంథుల్లోకి గానీ ఇంకెక్కడికైనా గానీ పాకిందా అన్నది స్టేజ్. గ్రేడ్ మైక్రోస్కోప్ కింద తేలేది: కణాలు మంచి రొమ్ములోలా గొట్టాలు కడుతున్నాయా, వాటి కేంద్రకాలు ఎంత వంకరటింకరగా ఉన్నాయి, ఎన్ని కణాలు రెండుగా చీలుతూ కనబడుతున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. కలిపితే 8 గానీ 9 గానీ వస్తే గ్రేడ్ 3. (తక్కువ మార్కులొస్తే సంతోషపడాల్సిన పరీక్ష ఇదొక్కటే.) శనగగింజంత గడ్డ కూడా గ్రేడ్ 3 కావచ్చు. ఇది తెలియకే మా బావ రిపోర్టు తీసుకున్న రోజు చౌరస్తాలో జిరాక్స్ షాపు ముందే కూలబడ్డాడు.

కీ-67 చూసి విడిగా టెన్షన్ పడకండి. పెరిగే పనిలో ఉన్న కణాల శాతం అది. లెక్కపెట్టే మనిషిని బట్టి కూడా కొంత మారుతుంది.

ట్రిపుల్ నెగెటివ్ అని మాత్రం ఇప్పుడే అనుకోవద్దు. హెర్-2 2+ అంటే ఇంకా తేలలేదని అర్థం. ముక్కకు రంగు వేసి చూస్తే, 3+లో కణం చుట్టూ పెన్నుతో దిద్దినట్టు ముదురు గోధుమరంగు గీత ఉంటుంది. 2+లో ఆ గీత పలచన. అదే బ్లాక్ (ముక్కను మైనంలో పోసి దాచిన దిమ్మ) మీద ఫిష్ అనే పరీక్ష చేసి హెర్-2 జన్యువు కాపీలు లెక్కపెడతారు. పాజిటివ్ వస్తే హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు పనికొస్తుంది, వైద్యమే మారిపోతుంది.

ఇక ఈఆర్. గ్రేడ్ 3 గడ్డల్లో అది నిజంగానే సున్నా కావచ్చు. కానీ మా అక్కకూ సున్నా అనే ఇచ్చారు, అది తప్పు. ఆపరేషన్ శనివారం సాయంత్రం అయింది. తీసిన రొమ్మును కోయకుండా ఇరుకు డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే మందు) పోసి మా చేతికిచ్చారు. ల్యాబ్ తెరిచింది సోమవారం. అసలైతే గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, మందు లోపలికి దిగేలా చీలికలు కోయాలి, 6 నుంచి 72 గంటల దాకా అందులో నానాలి. లేకపోతే ముక్క పాడై పరీక్షలో రంగు సరిగా పట్టకపోవచ్చు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి.

హైదరాబాద్‌లో స్లైడ్లు చూసిన పాథాలజిస్టు మేడమ్ నన్ను పిలిచి ఈఆర్ రంగు వేసిన స్లైడ్‌ను మైక్రోస్కోప్‌లో చూపించారు. గడ్డ పక్కనే రెండు మూడు మామూలు పాల గొట్టాలు, గుండ్రంగా, నీలంగా. "వీటిలో కొన్ని కేంద్రకాలకైనా గోధుమరంగు పట్టాలి. మంచివాటికే పట్టకపోతే, గడ్డకు పట్టలేదన్న మాట ఎట్లా నమ్మాలె?" అన్నారు. ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన ముక్క బ్లాక్ మీద మళ్లీ చేస్తే ఈఆర్ 90% వచ్చింది. 1% కణాలకు పట్టినా పాజిటివ్ కిందే లెక్క. అక్క ఇప్పుడు రోజూ ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది.

మీ రిపోర్టు కింద "ఇంటర్నల్ కంట్రోల్" అన్న లైన్ ఉందేమో చూడండి. లేకపోతే ముక్కలో మంచి గొట్టాలున్నాయా, వాటికి రంగు పట్టిందా అని పాథాలజిస్టునే అడగండి. సూది ముక్కలో ఒక్కోసారి అవి ఉండవు. అప్పుడు ఆపరేషన్ ముక్క మీద మళ్లీ చేయించవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఫిష్ కోసం, రెండో అభిప్రాయం కోసం బ్లాకులు, స్లైడ్లు ల్యాబ్‌లో అడిగి తీసుకోండి. బ్లాక్ అంటే మైనమే, ఎండాకాలం కారు అద్దం దగ్గర పెడితే మెత్తబడుతుంది. మేము స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి, కాజీపేటలో రైలెక్కి, దిగేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాం.