పొట్టిగా ఉంటే బలం కూడా తక్కువేనా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, ఎత్తు 165 సెంటీమీటర్లు. నాతో పనిచేసే వేరే దేశాల వాళ్లందరూ నాకంటే తలెత్తు పొడుగు. మీ జాతే పొట్టి, బలం కూడా మీకు తక్కువే అని ఒకతను అన్నప్పటి నుంచి మనసు బాగోలేదు. నిజమేనా? ఎత్తు పెరగడానికి ఒక పౌడర్ మొదలుపెట్టాను, ఎన్నాళ్లు వాడాలి?

జవాబు: ముందు ఆ పౌడర్ ఆపేయండి. మనం ఎత్తు పెరిగేది పొడుగాటి ఎముకల చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్ల వల్ల. అవి ఆడపిల్లల్లో సుమారు 14-16 ఏళ్లకు, మగపిల్లల్లో 16-18 ఏళ్లకు, కొందరిలో ఇంకాస్త ఆలస్యంగా గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి. ఆ తర్వాత ఏం తిన్నా, ఏం తాగినా, కడ్డీ పట్టుకుని ఎంతసేపు వేలాడినా పెరగరు. పొద్దున లేవగానే కొలుచుకుంటే సాయంత్రం కంటే దాదాపు ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. వెన్నులో డిస్కులు రోజంతా నొక్కుకుపోతాయి కాబట్టి ఆ తేడా, అది చూసి పౌడర్ పనిచేస్తోందని సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక జాతి సంగతి. 1996లో పుట్టినవాళ్లను తీసుకుంటే నెదర్లాండ్స్ మగవాళ్ల సగటు ఎత్తు 182.5 సెంటీమీటర్లు, తూర్పు తైమూర్‌లో 160 దగ్గర. తేడా పెద్దదే, కాదనను. కానీ అదే నెదర్లాండ్స్‌లో 19వ శతాబ్దం మధ్యలో సైన్యంలోకి తీసుకున్న కుర్రాళ్ల సగటు ఎంతో తెలుసా, దాదాపు 165, అంటే మీ ఎత్తే! దక్షిణ కొరియా ఆడవాళ్లు ఒక్క వందేళ్లలో సగటున 20 సెంటీమీటర్లు పెరిగారు. వందేళ్లలో జన్యువులు అంతగా మారిపోవు, మారింది చిన్నప్పటి తిండి, శుభ్రమైన నీళ్లు, గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఆరోగ్యం, మొదటి రెండేళ్లలో పదేపదే వచ్చే విరేచనాలు తగ్గడం. అలాగని జన్యువులది చిన్న పాత్ర అనుకోకండి, ఒకేలాంటి పరిస్థితుల్లో పెరిగిన ఇద్దరి మధ్య ఎత్తు తేడాలో ఎక్కువ భాగం వాటిదే. పైగా సగటు అనేది లెక్కల కోసం, మనిషి కోసం కాదు. ఎక్కడైనా మగవాళ్లలో మూడింట రెండొంతుల మంది తమ సగటుకు అటూ ఇటూ 7 సెంటీమీటర్ల లోపు ఉంటారు, మిగతావాళ్లు ఇంకా దూరంగా ఉంటారు.

బలం దగ్గర మీతో ఆ మాట అన్నతను సగమే కరెక్ట్. పెద్ద శరీరంలో కండ ఎక్కువ, కాబట్టి సగటున పొడుగువాళ్లు ఎక్కువ బరువు ఎత్తగలరు. కానీ కండ బలం దాని మందాన్ని బట్టి ఉంటుంది, పొడవును బట్టి కాదు. చేతులు కాళ్లు పొట్టిగా ఉంటే బరువును తక్కువ దూరం లేపితే చాలు. అందుకే ఒంటి బరువుతో పోల్చి చూస్తే పొట్టివాళ్లదే పైచేయి. టర్కీ వెయిట్‌లిఫ్టర్ నయీమ్ సులేమానోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లు, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఒంటి బరువు 60 కిలోలు మించనివాళ్ల విభాగంలో ఆడి 190 కిలోలు తలపైకి ఎత్తాడు. అతన్ని చూసి మీది బలహీన జాతి అనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

మీకు నిజంగా టెన్షన్ ఉంటే ఫిజియోథెరపిస్టు దగ్గర పిడికిలి బలం కొలిపించుకోండి, డైనమోమీటర్ అనే చిన్న పరికరాన్ని గట్టిగా పిసికితే చాలు. 2015లో 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మందిని పరిశీలించిన అధ్యయనంలో పిడికిలి బలం 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. నా దృష్టిలో ఎత్తు కంటే మీరు పట్టించుకోవాల్సిన అంకె ఇదే, పైగా దీన్ని పెంచుకోవచ్చు. వారానికి రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం, బరువు నెమ్మదిగా పెంచుకుంటూ పోవడం, సరిపడా ప్రొటీన్, నిద్ర. రెండు మూడు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పేరూ ఊరూ లేని పౌడర్లలో ఒక్కోసారి స్టెరాయిడ్లు, హార్మోన్లు కలుపుతారు. ముఖం ఉబ్బినట్టు అనిపించినా, కొత్తగా మొటిమలు వచ్చినా, రొమ్ము దగ్గర వాపు కనిపించినా, చాలాకాలంగా వాడుతున్నా డాక్టర్‌కు చూపించండి, వెళ్లేటప్పుడు డబ్బా కూడా పట్టుకెళ్లండి.