సమాధానం: లండన్ చారిటీలో ఇంటర్న్‌షిప్‌కి విజిటర్ వీసా సరిపోతుందా?

ఖైదీల కుటుంబాలకు సాయం, క్యాన్సర్ అవగాహన, రెండూ చేసే లండన్ చారిటీలో విజిటర్ వీసా మీద 3 నెలలు జీతం లేకుండా చేయొచ్చా అన్నారు. కుదరదండీ. జీతం లేదన్నంత మాత్రాన ఒప్పుకోరు. విజిటర్‌గా వెళ్తే రిజిస్టరైన చారిటీలో మొత్తం 30 రోజులే, అదీ మీ ప్రయాణానికి అసలు కారణం ఆ పని కాకూడదు.

మీకు కావలసింది చారిటీ వర్కర్ వీసా. ముందు ఆ చారిటీ పేరు హోం ఆఫీసు స్పాన్సర్ల జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే మిగతాదంతా దండగ. ఉంటే వాళ్లిచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ నంబరుతో 3 నెలల్లోపు అప్లై చేయాలి. ఖర్చుల పూచీ వాళ్లు తీసుకోకపోతే మీ ఖాతాలో 1,270 పౌండ్లు వరసగా 28 రోజులు ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికే.

పాస్‌పోర్ట్ సేవలో పోలీస్ క్లియరెన్స్‌కి ఇప్పుడే పెట్టేయండి. అక్కడి డీబీఎస్ తనిఖీలో (నేరచరిత్ర ఉందేమో చూసేది) మన దేశపు రికార్డు కనబడదు కాబట్టి అడుగుతారు.

ఇక పని. జైల్లోకి ఫోన్ తీసుకెళ్తే నేరం, జేబులో మరిచిపోయానన్నా కష్టమే. లోపలున్న మనిషి ఏం చేశాడని ఇంటివాళ్లను అడగకండి. తక్కువ ఆదాయమున్నవాళ్లు ములాఖత్ ప్రయాణ ఖర్చులు 28 రోజుల్లోపు క్లెయిమ్ చేసుకోవచ్చు. ఆ ఫారం నింపిపెట్టడమే పెద్ద సాయం. క్యాన్సర్ వైపు, స్క్రీనింగ్ వయసులు నోటికి వచ్చి ఉండాలి: గర్భాశయ ముఖద్వారానికి 25 నుంచి 64, పేగుకి 50 నుంచి 74.